తలుపు వైపు తిరిగిన స్వెట్టర్

20 ఆగస్టు 1946

తారీఖు ముందు వెయ్యమన్నాను, వేసింది. రాస్తున్నది నా కోడలు ఎల్స్‌బా. చెబుతున్నది నేను, మాలన్. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి, సొంత కవిత్వం కలపకూడదని ముందే ఒట్టు వేయించుకున్నాను.

నాకు చదువు రాదు. ఎందుకు రాదో మొదట అదే రాయాలి. ఏడేళ్లప్పుడు బడికి వెళ్లాను. కిటికీలోంచి ఏం కనిపిస్తోందని మాస్టారు డేనిష్‌లో అడిగాడు. నేను సముద్రం అని మా మాటలో చెప్పాను. చెంప పేలిపోయింది. సముద్రానికి వాళ్ల మాట వేరే ఉందట, అది అనాలట. కిటికీలో ఉన్న సముద్రం మాత్రం మాదే. మర్నాటి నుంచి గొర్రెల వెంట కొండెక్కాను, మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. చెంప ఇంకా మండుతూనే ఉంది.

వచ్చే నెలలో ఓట్లు. మా దీవులు డెన్మార్క్ రాజుగారి కింద వాళ్లు చెప్పిన షరతులతో ఉండిపోవడమా, విడిపోవడమా అని మమ్మల్ని అడుగుతున్నారు. నా జీవితంలో కోపెన్‌హాగన్ వాళ్లు నన్ను ఒక మాట అడగడం ఇదే మొదటిసారి. చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. ఊళ్లో ఎవరికీ వినే ఓపిక లేదు. నేను అరుస్తానట. అందుకే ఈ నోటుబుక్కు. ఎవరికీ చూపించను. ఎల్స్‌బా రాస్తుంది, చదివి వినిపిస్తుంది, పెట్టెలో పెట్టి తాళం వేస్తాను.

ఇంట్లో మేమిద్దరమే. నా కొడుకు దాన్యల్ 1942 మార్చి 28న చేపలు నింపుకుని ఇంగ్లండుకు బయలుదేరాడు. యుద్ధం రోజులు. పడవ అక్కడికి చేరలేదు. ఒక పలక కూడా ఒడ్డుకు రాలేదు. రానివాణ్ణి పోయాడనడం ఎలా? పొయ్యి పక్కన వాడి నీలం స్వెట్టర్ రోజూ వేలాడదీస్తాను. సముద్రంలో ఉండిపోయిన మగవాడి కోసం ఇంట్లో పొడి ఉన్ని ఒకటి సిద్ధంగా ఉంచడం మా వైపు అలవాటు. వచ్చేవాడు తడిసి వస్తాడు కదా.

ఎల్స్‌బా ఇక్కడ సంతోషంగానే ఉంది. అది కూడా రాయమన్నాను. కాసేపు పెన్సిలు ఆగింది. తర్వాత రాసింది.

23 ఆగస్టు

పొద్దున్న స్వెట్టర్ చేతుల అంచులు తడిగా ఉన్నాయి. పొగమంచు.

30 ఆగస్టు

హానుస్ అనేవాడు వచ్చాడు. దక్షిణ దీవి మనిషి, పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. మా బడి మాస్టారు టుమ్మస్ పడవ ఇంజను ఆగిపోతే పిలిపించారు. ఆ ఇంజను బాగుపడి వారమైంది. వాడు ఇంకా ఇక్కడే ఉన్నాడు. ఈ రోజు మా ఇంటికి కాఫీకి వచ్చి, నూనె చేతులు ఒళ్లో దాచుకుని కూర్చున్నాడు. కుక్కపిల్ల లాంటి కళ్లు. వాడికి ఎండుమాంసం కోసి పెట్టింది ఎల్స్‌బా, నేను పెట్టమనకుండానే. తొడ ముక్క.

"మీ దీవి వాళ్లంతా డెన్మార్క్ కొంగు పట్టుకుని వేలాడతారటగా?" అన్నాను.

"వేలాడటం కాదు పెద్దమ్మా. ఆసుపత్రి ఉంది, పింఛను ఉంది. రేపు విడిపోతే అవి ఎవరిస్తారు? మనమెంతమందిమి? పెద్ద ఊరి సంతలో పట్టేంత జనం."

"యుద్ధంలో ఐదేళ్లు డెన్మార్క్ జర్మనీవాడి బూటు కింద ఉంది. మనల్ని ఎవడు చూశాడు? మనమే చూసుకున్నాం. మన జెండా మన పడవల మీద ఎగిరింది. ఆకాశం విరిగి పడిందా?"

"పడవలు మునిగాయి కదా, పెద్దమ్మా."

 వాడికి అప్పుడు తెలిసింది ఎవరి ఇంట్లో ఏమన్నాడో. చెవులు ఎర్రబడ్డాయి.

"మునిగినవాళ్లు మన జెండా కింద మునిగారు," అన్నాను. "కాఫీ తాగి బయలుదేరు."

"ఇంకొంచెం పొయ్యనా?" అంది ఎల్స్‌బా. నన్ను కాదు.

ఓట్లలో ఎటు తేలినా తమ దీవి మాత్రం డెన్మార్క్‌తోనే ఉంటుందని అక్కడివాళ్లు అనుకుంటున్నారట. పోతూ పోతూ గుమ్మంలో ఆ మాట అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మనం ఒకే జనం, ఒకే మాట, ఒకే గొర్రెలు. మనలోంచి చీలిపోవడానికి వాళ్లకు హక్కు ఎవరిచ్చారు?

"మనకు ఎవరిచ్చారో వాళ్లే ఇచ్చుంటారు అత్తా," అంది ఎల్స్‌బా, కప్పులు కడుగుతూ.

ఇది రాయొద్దన్నాను. రాయలేదని చెప్పింది.

5 సెప్టెంబరు

స్వెట్టర్ మోచేతుల దాకా తడి. నాలుకతో చూశాను. ఉప్పు.

నేను ఎప్పుడూ దాని ముందు వైపు పొయ్యికి ఉండేలా వేస్తాను. పొద్దున్న తలుపు వైపు తిరిగి ఉంది. చేతులు వేలాడుతూ, గుండె భాగం తలుపుకు ఎదురుగా. ఇంట్లోకి రాగానే తొందరగా విడిచి వేసి ఉంటాడు. చిన్నప్పుడూ అంతే, బట్టలు ఎక్కడ విడిస్తే అక్కడే.

ఎల్స్‌బాను పిలిచి చూపించాను. ముట్టుకోలేదు. కప్పు కారుతోందంది. కప్పు కారితే ఉప్పు కారుతుందా?

8 సెప్టెంబరు, ఆదివారం

ప్రార్థన అయ్యాక పాస్టరుగారు నాతో పాటు మా ఇంటిదాకా నడిచి వచ్చారు. ముసలాయన, మోకాళ్లు పట్టేస్తాయి, అయినా వచ్చారు. అప్పుడే అర్థమైంది ఏదో ఉందని.

చర్చి పుస్తకంలో సముద్రం తీసుకున్నవాళ్ల పేర్ల పక్కన శిలువ గీస్తారు. దాన్యల్‌తో పడవలో ఉన్న మిగతా అందరికీ గీశారు. వాడికి మాత్రం నేను గీయనివ్వలేదు. ఇంటి పెద్ద ఒప్పుకోకుండా గీయడం మా పాస్టరుగారి పద్ధతి కాదు. శిలువ పడేదాకా ఎల్స్‌బా దాన్యల్ భార్యే. ఇంకో పెళ్లి లేదు.

"నాలుగేళ్లు దాటాయి మాలన్," అన్నారు.

"నాకూ లెక్క తెలుసు."

"ఆ అమ్మాయి నన్ను అడిగింది."

ఎల్స్‌బా కిటికీ అవతల, మాంసం ఎండబెట్టే చెక్క గాలికొట్టులో ఉంది. పలకల సందుల్లోంచి గాలి ఈలవేస్తుంటే వేలాడే మాంసం మధ్య నిలబడి వింటోంది. పలకల మధ్య నుంచి దాని గౌను అంచు కనిపిస్తూనే ఉంది.

"నా కొడుకు ఈ ఇంట్లోంచి వెళ్లిపోయాడని మీరు రాస్తే వాడు ఏ ఇంటికి రావాలి?" అన్నాను.

పాస్టరుగారు పొయ్యి పక్కన స్వెట్టర్ వైపు చూశారు. పొద్దున్న నేను పొయ్యి వైపు తిప్పి వేశాను. ఆయన చూసేసరికి అది తలుపు వైపు ఉంది. పట్టపగలు. గదిలో మేమిద్దరమే.

ఆయన టోపీ తీసుకున్నారు. కాఫీ కూడా తాగలేదు.

ఎల్స్‌బా సంతోషంగా ఉంది.

13 సెప్టెంబరు

టుమ్మస్ మాస్టారు ఓటు వేసే విధానం చెప్పడానికి ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. రేపు పెట్టె దగ్గర కూర్చునేది అతనే. కాగితం మీద రెండు వరుసలు ఉంటాయట. పైది, డెన్మార్క్ చెప్పినట్టు ఉండిపోవడం. కిందిది, విడిపోవడం. కావలసినదాని పక్కన శిలువ లాంటి గుర్తు వెయ్యాలి, రెండు అడ్డగీతలు.

"శిలువ నేను వెయ్యను," అన్నాను.

"అది శిలువ కాదు అత్తా, ఊరికే గుర్తు."

"రెండు గీతలు అడ్డంగా కలిస్తే అది శిలువే. మా ఇంట్లో శిలువ వెయ్యకూడదని నాలుగేళ్లుగా పోట్లాడుతున్నాను. ఇప్పుడు నా చేత్తో నేనే వెయ్యాలా?"

"అయితే విడిపోవాలని మీరెలా చెబుతారు?" అన్నాడు.

మంచి ప్రశ్నే. పొద్దుపోయేదాకా ఆలోచించాను.

14 సెప్టెంబరు, ఓటు వేసిన రోజు

నల్ల శాలువా, వెండి పిన్ను. ఊరంతా బడి దగ్గరే. అదే బడి. అదే కిటికీ. కాగితం ఇచ్చి తెర వెనక్కి పంపారు. పెన్సిలు తాడుతో కట్టి ఉంది, పారిపోతుందేమోనని. వరుసలు చదవలేను గాని, పైది కిందిది నాకు తెలుసు. కింది వరుస పక్కన మా గొర్రెల చెవిగుర్తు గీశాను. కుడిచెవికి కొస కోత, ఎడమచెవికి వెనక గాటు. ఈ దీవి మీద ఆ గుర్తు మా ఇంటిది తప్ప ఇంకెవరిదీ కాదు. మా నాన్నది, తర్వాత నాది, తర్వాత దాన్యల్‌ది. ఉత్తరం మీదైనా, ఉన్ని అమ్మిన రసీదు మీదైనా నేను పెట్టే సంతకం అదే. దాన్ని కాదన్నవాడు ఇంతవరకు పుట్టలేదు.

మడిచి పెట్టెలో వేశాను. ఏడేళ్లప్పుడు చెప్పలేకపోయిన మాట ఈ రోజు చెప్పినట్టు అనిపించింది. కిటికీలోంచి సముద్రం చూశాను. పొగమంచులో ఒక పడవ కనిపించింది. ఎవరిదని అడిగాను. పడవేమీ లేదన్నారు.

ఎల్స్‌బా ఎటు వేసిందో చెప్పలేదు. రహస్యమట. నా ఇంట్లో రహస్యం.

16 సెప్టెంబరు

టుమ్మస్ మాస్టారు తలుపు తట్టి లోపలికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మొహం పాలిపోయి ఉంది.

"అత్తా, ఇది బయట అనకూడదు. అయినా మీకు చెప్పకుండా ఉండలేను. లెక్కపెట్టినప్పుడు చెవిగుర్తు వేసిన కాగితం వచ్చింది. చెల్లదన్నారు."

"చెల్లదా? ఎందుకు చెల్లదు?"

"శిలువ కాదుగా. ఎవరు వేశారో తెలిసేలా ఉంటే ఓటు చెల్లదు. 'గొర్రె కూడా ఓటేసింది' అని నవ్వారు కూడా."

నేను నవ్వలేదు. నవ్వినవాళ్ల పేర్లు అడిగాను. చెప్పలేదు.

"అది కాదు అత్తా నేను చెప్పొచ్చింది." గొంతు తగ్గించాడు. "రెండు వచ్చాయి."

"రెండేమిటి?"

"అదే గుర్తుతో రెండు కాగితాలు. రెండూ విడిపోవాలన్న వరుస పక్కనే. ఒకటి పొడిగా ఉంది. రెండోది తడి. పెట్టెలో మిగతావేవీ తడవలేదు, అదొక్కటే. పేర్లు టిక్కు పెట్టిన జాబితా మూడుసార్లు చూశాం. వచ్చినవాళ్లకంటే కాగితం ఒకటి ఎక్కువ. పెట్టె తాళం నా దగ్గరే ఉంది. నేనే వేశాను, నేనే తీశాను."

ఎల్స్‌బా గిన్నె దించి చేతులు తుడుచుకుంది.

"నువ్వు వేశావా ఆ గుర్తు?" అని అడిగాను.

"నేను రెండు గీతలు వేశాను అత్తా. అందరిలాగే."

అబద్ధమాడితే దాని మెడ మీద ఎర్రటి మచ్చలు వస్తాయి. రాలేదు.

టుమ్మస్ వెళ్లిపోయాక నాకు నవ్వొచ్చింది. నాలుగేళ్లలో అంత నవ్వు నవ్వలేదు. నా కొడుకు అన్నీ వింటున్నాడు! ఆ చలిలోంచి, ఆ చీకట్లోంచి లేచి వచ్చి నా పక్కన నిలబడి నా మాటకే ఓటేశాడు. ఏదీ, ఇప్పుడు చెప్పమను హానుస్‌ను, మునిగినవాళ్ల సంగతి. మునిగినవాళ్లు కూడా విడిపోదామంటున్నారు!

"అవును," అంది ఎల్స్‌బా. "ఆయన కూడా వెళ్లిపోదామంటున్నాడు."

ఆ మాట ఎలా అందో రాయడం నాకు చేతకాదు. రాస్తున్నది అదే, కాబట్టి దానికి తెలుసు.

19 సెప్టెంబరు

గెలిచాం! టుమ్మస్ ఇంట్లో రేడియో పెట్టారు. తేడా చిన్నదే, అయినా విడిపోదామన్నవాళ్లే ఎక్కువ. పెద్ద ఊరు టోర్స్‌హావ్న్‌లో మా దీవుల సభ ఆ మాట ప్రకటించేసిందట. కుర్రకారు వీధిలో చేతులు పట్టుకుని గొలుసుగా తిరుగుతూ పాత పాటలు పాడారు. నేను కూడా ఒక చుట్టు తిరిగాను. చల్లటి చెయ్యి ఒకటి నా ఎడమచేతిని పట్టుకుంది. ఎవరిదో చూద్దామని తిరిగేసరికి గొలుసు విడిపోయింది. అరచేయి తడిగా ఉంది.

ఇంటికి వచ్చాక ఎల్స్‌బా తలుపు వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"అత్తా. ఇంట్లో కూడా ఓటు పెట్టు."

"దేనికి?"

"నేను ఉండిపోవడానికా, విడిపోవడానికా. నన్ను ఒక్కసారి కూడా అడగలేదు నువ్వు. ఇల్లు ఎలా ఉండాలో, పొయ్యి పక్కన ఎవరి బట్ట ఉండాలో, నేను ఎవరి భార్యనో, అన్నీ నువ్వే తేల్చావు. తిండి పెట్టావు, కాదనను. దెబ్బ వెయ్యలేదు, కాదనను. అడగలేదు."

నవ్వాలనుకున్నాను. మరి నేనేగా అందరికీ చెప్పేది, అడగాలని. సరే, అడుగుతున్నాను, ఉంటావా పోతావా అన్నాను. ఉంటానంటుందనే నమ్మకంతోనే అడిగాను.

"పోతాను," అంది. "హానుస్‌తో. పాస్టరుగారికి నువ్వు ఒక్క మాట చెబితే చాలు."

"ఇద్దరున్న ఇంట్లో ఒకరి మాట ఎక్కువ మంది మాట కాదు. ఇది చెల్లదు."

"గుర్తు సరిగా లేదా అత్తా?"

పళ్లెం విసిరాను. తగల్లేదు. తగలాలని విసరలేదు. విసిరాననే మాట కూడా రాయి, దాచడానికేముంది.

22 సెప్టెంబరు

తడి. మెడదాకా. తలుపు వైపు.

25 సెప్టెంబరు

రాజుగారు మన సభను రద్దు చేశారు.

రేడియోలో విన్నాను. అడిగారు, చెప్పాం. చెప్పాక, అది సరైన జవాబు కాదన్నారు. మళ్లీ ఎన్నికలట. కావలసిన జవాబు వచ్చేదాకా అడుగుతూ ఉంటారన్నమాట! అసలు అడగకుండా ఉన్నా బాగుండేది. అడిగి, విని, విన్నది కాగితంలా నలిపి పారేయడం ఎవరి పద్ధతి? ఉండిపోయేవాళ్లను పట్టుకుని ఉంచొచ్చు. పోతామన్నవాళ్లను పట్టుకుని ఉంచితే అది ఇల్లవుతుందా, గొర్రెల దొడ్డి అవుతుందా? ఇష్టం లేని మనిషిని నీ పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుంటే నీకు వెచ్చదనం ఏం మిగులుతుంది? తేడా చిన్నదట! చిన్న తేడాతో బతికినవాడు బతికినట్టు కాదా? ఇంత పెద్ద రాజుకు, ఇన్ని భవనాలున్న మనిషికి, మా నాలుగు రాళ్ల దీవులు వదలడానికి అంత భయమేమిటి? వదిలితే తను ఏమైపోతాడని?

నేను గదిలో తిరుగుతూ చెబుతున్నాను. ఎల్స్‌బా వేగంగా రాస్తోంది, నా మాటకు పెన్సిలు అందడంలేదు. ఆగాను. అదీ ఆగింది.

"చదువు," అన్నాను.

చదివింది. నెమ్మదిగా, ఒక్కో మాట. "ఇష్టం లేని మనిషిని నీ పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుంటే" అన్న చోట తలెత్తి నన్ను చూసింది. తల దించుకుని మిగతాది కూడా చదివింది. చివరిదాకా.

ఎండిన మట్టిగడ్డలు మండే పొయ్యిలో ఏదో చిటపటమంది. స్వెట్టర్ అంచు నుంచి చుక్క నేల మీద పడింది. ఇంకొకటి.

"అది దేశం సంగతి," అన్నాను.

"అవునత్తా."

"ఇది ఇల్లు."

"అవునత్తా. రాయమంటావా?"

వద్దన్నాను. రాసినట్టే ఉంది.

2 అక్టోబరు

రేపు హానుస్ పడవ వస్తుంది. శిలువ పడినా పడకపోయినా వెళుతుందట. పెళ్లి ఎప్పటికైతే అప్పుడు, అప్పటిదాకా వాళ్ల అక్క ఇంట్లో ఉంటుందట. ఊళ్లో నాలుగు మాటలు అంటారన్నాను. ఇక్కడ నలభై మాటలు వింటున్నానుగా, అంది. నోరు నా దగ్గరే నేర్చింది.

రూబార్బ్ కాడల జామ్ సీసాలు వరుసగా పెట్టింది. బంగాళాదుంపలు తవ్వి గోనెల్లో నింపింది. గొర్రెల చెవులకు గాట్లు పెట్టడానికి ఎవర్ని పిలవాలో చెప్పింది. ఒక మనిషి చచ్చేముందు చేసే పనులన్నీ చేసింది.

"ఈ నోటుబుక్కు ఎవరు రాస్తారు?" అని అడిగాను. అడగాలనుకున్నది అది కాదు.

"టుమ్మస్ మాస్టారు రాస్తాడు."

"బడి మాస్టార్లు నా మాట రాయరు. కొడతారు."

నవ్వింది. తర్వాత ఏడ్చింది. పెన్సిలు చెక్కి, రెండు కొసలూ చెక్కి, నోటుబుక్కు మీద పెట్టింది.

"అత్తా, ఆ స్వెట్టర్ ఎటు తిరిగి ఉంటుందో రోజూ చూస్తూనే ఉన్నావు. లోపలికి వచ్చేవాడు వెచ్చదనం వైపు తిరుగుతాడు కదా?"

లేచి స్వెట్టర్ పొయ్యి వైపు తిప్పి వేశాను. ఇప్పుడు నేను చెప్పేదే చివరి మాట అని రాయి. అంతే. ఎల్స్‌బా ఇక్కడ సంతోషంగా

28 మార్చి 1942

తారీఖు వేశావా? సరే. నాకు తెలియదు, చదవలేను, నువ్వేది వేస్తే అదే.

రాయి. ఎల్స్‌బా వెళ్లి నెల దాటింది. నిన్న మళ్లీ ఓట్లు జరిగాయి. ఈసారి ఉండిపోదామన్నవాళ్లే గెలిచారట. టుమ్మస్ గుమ్మంలోనే నిలబడి చెప్పి వెళ్లాడు, లోపలికి రాలేదు. నీ కుర్చీ వైపు చూశాడు, అంతే, వెళ్లిపోయాడు. కోపెన్‌హాగన్ విషయంలో నా మాట మారలేదు, అది స్పష్టంగా రాయి. చచ్చేదాకా మారదు. పెన్సిలు అంత గట్టిగా నొక్కకు, విరుగుతుంది. నువ్వు ఎప్పుడూ అంతే. కాగితం మీద నీళ్లు పడుతున్నాయి, మోచెయ్యి కాస్త పక్కకు పెట్టుకో.

ఎంత చక్కగా రాస్తావురా నువ్వు. గీతలు గీసే చప్పుడు వింటుంటేనే తెలుస్తుంది. ఎల్స్‌బా రాస్తుంటే పెన్సిలు గీరుకునేది. నీది సముద్రం ఒడ్డున ఇసుక జారినట్టుంది.

వారం నుంచి నేను స్వెట్టర్ తిప్పడం మానేశాను, గమనించావా? పొయ్యి వైపు వెయ్యడంలేదు. నువ్వు ఎటు వేసుకుంటే అటే ఉంచాను. ప్రతి పొద్దూ తలుపు వైపే. నువ్వు రావడానికి కష్టపడుతున్నావనుకున్నాను ఇంతకాలం. రోజూ నేనే పొయ్యి వైపు తిప్పాను, రోజూ నువ్వు తలుపు వైపు తిప్పుకున్నావు. ఎంత పోట్లాట పెట్టుకున్నావురా నాతో, ఒక్క మాట అనకుండా. మీ నాన్న కూడా అంతే.

ఓటు సంగతి అడుగుతాను, నిజం చెప్పు. ఆ తడి కాగితం. నా పక్కన నిలబడ్డావని ఊరంతా చెప్పుకున్నాను. దేశం గురించేనా వేశావు?

అవును అనడంలేదు. కాదు అనడంలేదు. చెవిగుర్తు గీస్తున్నావా? సరే, చూశాను. కొస కోత, వెనక గాటు. బాగానే గుర్తుంది నీకు.

చాలా చలిగా ఉందా అక్కడ? వద్దులే, చెప్పకు.

నిన్ను కూడా అడగలేదు కదూ నేను. వెళ్లొద్దని ఏడ్చాను, వెళ్లావు. వెళ్లాక రమ్మన్నాను, రాలేక వచ్చావు. వచ్చాక ఉండమన్నాను. మధ్యలో ఎక్కడా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఉంటావా, పోతావా? ఒకసారే అడుగుతాను. ఏది చెప్పినా అదే. రద్దు చెయ్యను.

సరే.

సరే అన్నాను కదా, విన్నాను. మళ్లీ గీయనక్కర్లేదు.

పొద్దున్న పాస్టరుగారి దగ్గరికి వెళతాను. నల్ల శాలువా, వెండి పిన్ను. ఆయన గీయడం కాదు, నేనే గీస్తాను. నా కొడుకు పేరు పక్కన ఆయన చెయ్యి ఎందుకు? దక్షిణ దీవికి కబురు పంపమని కూడా చెబుతాను. ఆ కుక్కపిల్ల కళ్లవాణ్ణి పెళ్లికి నన్ను పిలవమని. నేను రానని చెబుతాను, అయినా పిలవాలి. అడగాలి కదా.

ముందు ఇక్కడ ఒకసారి గీసి చూసుకుంటాను, అక్కడ చెయ్యి వణికితే నవ్వుతారు. పెన్సిలు ఇలా ఇవ్వు. చెయ్యి పట్టుకోకు, రెండు గీతలకు మాస్టారెందుకు? స్వెట్టర్ వేసుకో. తడిదే అయినా వేసుకో, బయట గాలిగా ఉంది. తలుపు గడియ తీసే ఉంచాను.

+